మూత తీసిన బాన

ఊరి ద్వారం ముందు బారులో నిలబడ్డ వాళ్లందరి చేతుల కంటే తన చేతులే నీలంగా ఉన్నాయని చూసుకుని వితాలె లోలోపల మురిసిపోయాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డ మనిషికి మురిసిపోయే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో గాని, వచ్చింది. ముందున్న ముసలాడి చేతులు వెలిసిపోయిన గోనెపట్టా రంగులో ఉన్నాయి, వాడి ముందున్న ఆడమనిషికి గోళ్ల చుట్టూ, వేళ్ల ముడతల్లో తప్ప నీలమే లేదు, తనవి చూడబోతే మణికట్టు దాటి జానెడు దాకా ఒకటే నిగనిగ, ఎక్కడా చుక్క తేడా లేదు. చాలు, ఇదే కావాలి. కోట పట్టుకున్న జనం వాగు ద్వారంలో చిన్న తలుపు ఒక్కటే తెరిచారు, నీలి చేతులున్న వాళ్లకే దారి అన్నారు, గోడ బయట గుడిసెల్లో ఉండే అద్దకంవాళ్లు ఇళ్లకు పోవాలి గనక. చేతులు తెల్లగా ఉన్నవాడు ఎవడైనా కోట మనిషే, కోట మనిషైతే అక్కడే కింద పడేసి తొక్కుతున్నారు, ఇందాక మేడవీధి మూలలో ఒకణ్ణి తొక్కుతుంటే పక్కనుంచే తల వంచుకుని వచ్చాడు, వాడు తన వంటశాలలో మాంసం కోసేవాడు, పేరు కూడా తెలుసు, తెలియనట్టు వచ్చాడు. ఇంకా ముప్పై మంది ఉన్నారు ముందు. ముప్పై మంది దాటితే తలుపు, తలుపు దాటితే వాగు, వాగు దాటితే చెస్ట్‌నట్ అడవి, అడవిలో సన్యాసుల పిండిమర దగ్గర కంచరగాడిద, చీకటి పడే వేళకు కొండ అవతల. అవతలికి చేరితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. మొంతాల్వో ఏలిక వితాలె ఇంకా చావలేదు.

ఓద్దొ. ఆ పేరు తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతోంది, నాలుక కింద నీలి పులుసు పడ్డట్టు. అల్లుడు. కన్నకూతుర్ని ఇచ్చి, కోట కాపలా అంతా వాడి చేతిలో పెట్టి, భోజనానికి కుడిపక్కన కూర్చోబెట్టుకుని, గొర్రెపిల్ల తొడమాంసం తన కత్తితోనే కోసి వాడి కంచంలో వేసేవాడు, తినేటప్పుడు కూడా ఆ వెధవ కిందకే చూసేవాడు, వినయం అనుకున్నాడు. తొమ్మిది రోజులు జనం కోటని చుట్టుముట్టి ఉంటే తొమ్మిది రోజులూ "మామా, ధైర్యంగా ఉండండి" అన్నవాడు ఇవాళ తెల్లవారకుండానే వెనక తలుపు గడియ తీశాడు. వెన్నుపోటు అంటే వెనకనుంచే వస్తుందని ఎవరన్నారు, ఎదురుగా కూర్చుని రొట్టె తుంచి పెడుతుంది. బిషప్ సంగతి సరేసరి, తనతో తగువుపెట్టుకుని ఊళ్లో చర్చిలన్నిటికీ తాళాలు వేయించి గంటలు మోగకుండా కట్టేయించి నెల దాటింది, పుట్టినవాడికి జ్ఞానస్నానం లేదు, పోయినవాడికి ప్రార్థన లేదు, గంట మోగక జనానికి పొద్దు తెలియడం లేదు, దానికీ వితాలెనే తిట్టుకున్నారు. ఉన్ని వర్తకులు పక్షం కిందటి దాకా కాళ్లు పట్టుకున్నవాళ్లే. అందరూ నమ్మించి గొంతు కోసినవాళ్లే, వరసపెట్టి, ఒకణ్ణి మించి ఒకడు. తెల్లవారుజామున వంటింటి మురుగుకాలవలో పాకుతుంటే కింద అద్దకంవీధి నుంచి చెక్క మీద మేకులు కొడుతున్న చప్పుడు, ఠకఠకమని పది పన్నెండు చోట్ల, నాకు ఉరికొయ్య కడుతున్నారు అనుకున్నాడు, ఒక్క మనిషికి పన్నెండు ఉరికొయ్యలా అని నవ్వు కూడా వచ్చింది, ఆ కంపులో.

బారు రెండడుగులు జరిగింది. జరిగాడు. తొందరపడకూడదు, అద్దకంవాడు తొందరపడడు, రోజంతా బాన దగ్గర నిలబడే కాళ్లు వాడివి. నాలుగడుగులు వెనక సాంతూచ్చ ఉంది, తిరిగి చూడకూడదు అనుకుంటూనే ఒకసారి చూశాడు, ఉంది, తలగుడ్డ కట్టుకుని, వెలిసిన బూడిదరంగు చేతులు ముడుచుకుని. ఊళ్లో ఇంతమందిలో ఒక్క మనిషి. ఈ ఒక్క మనిషి తలుపు తీసింది. ఏ మొహం పెట్టుకుని ఆమె తలుపు కొట్టాడో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఇంకెక్కడికి పోతాడు మరి, కాళ్లు తెలిసిన దారినే పోయాయి, పాతికేళ్లు తను పనిచేసిన కొట్టం అది, తనూ జతగాడు మాసొ కలిసి. మాసొ పెళ్లాం సాంతూచ్చ తలుపు సందులోంచి చూసింది, చాలాసేపు చూసింది, అరిస్తే అయిపోయేది. అరవలేదు. "లోపలికి రా అన్నా" అంది. అన్నా. పన్నెండేళ్లుగా ఆ పిలుపు లేదు, దొరా అనేవాళ్లు, ఏలిన వారు అనేవాళ్లు, ఆ మాట చెవిన పడేసరికి మురుగు కారుతున్న గడ్డంతో గుమ్మంలోనే ఏడ్చేశాడు, సిగ్గుపడలేదు. ఆమె గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెరతో గడ్డం తీసింది, జుట్టు తీసింది, మాసొ చొక్కా ఒకటి ఇచ్చింది, చెస్ట్‌నట్ రొట్టె ముక్క, ఉల్లిపాయ పెట్టింది. తింటూంటే ఎదురుగా కూర్చుని చేతుల వైపే చూసింది.

"ఈ చేతులతో ఎట్టా పోతావు? పాలల్లో నానబెట్టినట్టున్నాయి."

"నువ్వే చెప్పు."

"ముంచుకో" అంది బాన వైపు చూపించి. లేచింది, బాన మూత మీద అడ్డంగా రెండు చెక్కలు కొట్టి ఉన్నాయి, మీద సుద్దతో సిలువ గీసి ఉంది, దోచుకునేవాళ్ల భయానికి కాబోలు అనుకున్నాడు, ఆమె గునపంతో ఒక్కో మేకూ లాగింది. నాలుగు మేకులు. చివరి మేకు దగ్గర ఆగింది. "ఇవాళ ఏ వారమో గుర్తుందా అన్నా?" అని అడిగింది, తిరిగి చూడకుండా.

"తొమ్మిది రోజులుగా నిద్రే లేదమ్మా, వారాలెవరికి గుర్తు. నా చావు తప్పిన వారం అనుకో."

"అట్టాగే అనుకుందాంలే" అని ఆ నాలుగో మేకూ లాగేసింది.

మూత తీయగానే ఆ వాసన. ఏళ్ల తరబడి సాంబ్రాణి, గులాబీ నీళ్లు పీల్చిన ముక్కుకి ఆ పులిసిన ఉచ్చ వాసన, తవుడు వాసన, కుళ్లిన నీలాకు వాసన తగిలేసరికి ఇంటికొచ్చినట్టు అనిపించింది. పైన నీలి నురుగు, కింద గోరువెచ్చటి ఆకుపచ్చ. మోచేతి దాకా దింపి, కదపకుండా, లోలోపల నూరు లెక్కపెట్టి పైకి తీశాడు, అది మాత్రం మరచిపోలేదు. చేతులు పసరు రంగులో వచ్చాయి. చూస్తుండగానే గాలికి వేళ్ల చివర్ల నుంచి నీలం పాకింది, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, కుర్రతనంలో మొదటిసారి చూసినప్పుడు దీన్ని దేవుడు చేస్తాడనుకునేవాడు, ఇవాళా అలాగే అనిపించింది. తల ఎత్తితే సాంతూచ్చ కూడా ఆ చేతులనే చూస్తోంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, తన మీద జాలి అనుకున్నాడు. సందు చివరికి వచ్చేసరికి వెనక కొట్టంలో మళ్లీ మేకులు కొడుతున్న చప్పుడు వినిపించింది. జాగ్రత్త మనిషి. ఆ తరవాతే వచ్చి తన వెనక బారులో నిలబడింది.

జాగ్రత్త మాసొకే ఎక్కువ, వాడు బాన వేడి మోచేతితో చూసేవాడు, రాత్రి లేచి వచ్చి చూసేవాడు, పిల్లకి జ్వరమొస్తే చూసినట్టు. ఆ రోజుల్లో వారానికి ఏడు రోజులూ ముంచేవాళ్లు, ఉన్ని వర్తకులు అలా రాయించుకున్నారు, బాన ఆగితే చస్తుందని వాళ్ల వాదన, బాన దగ్గర మనుషులు చస్తే వేరేవాళ్లు వస్తారు. బాన వారానికొక రోజు విశ్రాంతి తీసుకుంటే నీలం ఇంకా చిక్కగా పడుతుందని మాసొ కనిపెట్టాడు, ఆ మాట వాడిది, నోరు మాత్రం వితాలెది. వాడు చెప్పడం, తను చౌరస్తాలో రాతిగద్దె ఎక్కి అరవడం. ఆదివారం బానకి మూత, ఆదివారం వాగుకి తేటనీళ్లు, చేపలకి కూడా ఒక రోజు వెలుగు కనిపించాలి అన్నాడు, జనం నవ్వారు, నవ్వి వెంట నడిచారు, నవ్వించినవాడి వెనక నడిచినంతగా ఏడిపించినవాడి వెనక నడవరు. ఒక వేసవిలో మూడు వారాలు ఒక్క బానా కదల్లేదు, గుడ్డ లేక వర్తకులు దిగొచ్చారు, నీలి చేతుల వాళ్లంతా వితాలెని భుజాల మీద మోసుకుని కోట మెట్లెక్కించారు, పుర నాయకుడు అన్నారు. మొదటి శాసనం అదే రాయించాడు. ఆదివారం అద్దకంవీధిలో ఏ బాన మూతా లేవకూడదు, వాగులో రంగు కలపకూడదు. ఆ మొదటి ఆదివారం ఊరంతా వాగు గట్టుకొచ్చింది చూడ్డానికి, అడుగున గులకరాళ్లు కనిపించాయి, మాసొ పిల్లని ఎత్తుకుని నీళ్లు చూపించాడు, ఆ పిల్లకి జ్ఞానతండ్రి వితాలెనే, పిల్ల నీళ్లు చూసి భయపడి ఏడ్చింది, వాగంటే నీలంగానే ఉంటుందని దాని నమ్మకం.

బారు కదిలింది. పది మంది. తలుపు దగ్గర బియాజొ ఉన్నాడు, ముసలి అద్దకంవాడు, ఒకప్పుడు మూడిళ్ల అవతల వాడి బాన, గూని వచ్చేసింది పాపం. మొహాలు చూడటం లేదు వాడు, చేతులే చూస్తున్నాడు, నారగుడ్డ ఒకటి పెట్టుకుని ఒక్కొక్కరి అరచేయీ రుద్ది చూసి పొమ్మంటున్నాడు. రుద్దితే పోతుందేమోనని. మసి పూసుకున్నవాళ్లని, సిరా పూసుకున్నవాళ్లని పట్టుకోవడానికి కాబోలు. రుద్దుకోరా నాయనా, ఎంత రుద్దుకుంటావో, ఇది అసలు బాన నీలి.

ఈ నీలం పోగొట్టుకోవడానికి పడ్డ పాట్లు ఎవరికి తెలుసు. కోటలోకి వచ్చిన మొదటి ఏడు నిమ్మకాయ, బూడిద, ఇసుక, రోజూ పొద్దున్నే చర్మం ఊడేదాకా. మొదటి పెళ్లాం, ఓద్దొకి ఇచ్చిన కూతురి తల్లి, అంతకు ముందే పోయింది, పెద్దింటి పిల్లని మారుపెళ్లి చేసుకున్నాడు, మొదటి రాత్రి ఆమె తన చెయ్యి చూసి దుప్పటి కొద్దిగా అటు లాక్కుంది. మర్నాడే మేకపిల్ల తోలు చేతితొడుగులు తెప్పించాడు. వేసవిలో కూడా తీసేవాడు కాదు. గోళ్ల మూలాల్లో ఆఖరి నీలం పెరిగి, కత్తిరించుకుపోయేసరికి రెండో చలికాలం వచ్చింది, ఆ గోటిముక్క నిప్పుల్లో వేసి ఒక గుటక వైన్ తాగాడు. తప్పేముంది. ఊరు ఏలేవాడి చేతులు ఊరేలేవాడి చేతుల్లా ఉండాలి. పుర నాయకుడు అన్నది ఏడాదికే మాత్రమని ఊరి కట్టుబాటు, అది అయిదేళ్లయింది, తరవాత బతికినంత కాలం అని రాయించాడు, ఎవరూ కాదనలేదు, కాదన్నవాళ్లు ఇప్పుడు లేరు. అద్దకంవాళ్లకి సొంత సంఘం ఇస్తానన్నాడు, ఇచ్చేవాడే, వర్తకులు ఒప్పుకోవాలిగా. మాసొ వచ్చేవాడు అప్పుడప్పుడు, మెట్ల కింద నిలబడేవాడు, టోపీ తీసి చేతుల్లో నలుపుతూ. ఆ టోపీ నలపడం చూస్తే చిరాకొచ్చేది.

తరవాత యుద్ధం. లోయ దిగువ ఊరి మీద. రెండువేల మందికి గుడ్డ కావాలి, చలికాలం లోపల, ఆదివారం మూత తియ్యక తప్పదు, కొన్నాళ్లపాటే, యుద్ధం అయ్యేదాకానే. అందరూ తీశారు. మాసొ తియ్యలేదు. మూత మీద కూర్చున్నాడట, కూర్చుని ఉల్లిపాయ తింటూ, శాసనం చెప్పిందే చేస్తున్నానన్నాడట, రాసినాయనకి చదవడం రాకపోతే నేను చదివి వినిపిస్తానన్నాడట. ఆ మాటకి వీధి వీధంతా నవ్వింది. ఆ నవ్వు. కోటదాకా వినిపించిన ఆ నవ్వు లేకపోయుంటే బహుశా. ఒకణ్ణి వదిలితే రేపు అందరూ కూర్చుంటారు అన్నాడు ఓద్దొ, అవును ఓద్దొనే అన్నాడు, అంతా వాడే, తను తల మాత్రం ఊపాడు. అద్దకంవాళ్లు గుడ్డ ఆరబెట్టే దండేనికే వేలాడదీశారు. తను కిటికీ దగ్గరకి పోలేదు, ఆ రోజు కడుపునొప్పి. సాంతూచ్చకి నల్ల ఉన్ని తానొకటి పంపించాడు, మేలు రకం, తిప్పి పంపలేదు, కట్టుకోనూ లేదు. అప్పటినుంచి రెండేళ్లు, ఆదివారం కూడా బానలు ఆగలేదు, యుద్ధం అయిపోయాక కూడా, అలవాటైపోయింది, వాగు నీలంగానే పారింది, తనూ దాని సంగతి మరచిపోయాడు. ఇన్ని పనుల్లో గుర్తుంటుందా.

అయినా ఆమె తలుపు తీసింది. అదే అర్థం కాదు, అర్థం కాకపోతేనేం. తను అన్నం పెట్టిన ప్రతి కుక్కా కరిచింది, తను అన్యాయం చేసిన ఒక్క మనిషి రొట్టె పెట్టింది. కొండ అవతల నుంచి తిరిగొస్తాడు, రావడం ఖాయం, వచ్చిన రోజు ముందు ఓద్దొ, తరవాత సాంతూచ్చ. మాసొకి చలవరాతి సమాధి కట్టిస్తాడు, చర్చి లోపల, పెద్దవాళ్ల మధ్య. పిల్లకి మంచి సంబంధం చూస్తాడు. మళ్లీ మూతలు వేయిస్తాడు, ఆదివారాలు, ఒట్టు, మేరీమాత మీద ఒట్టు. భుజం మీది చొక్కాకి కళ్లు ఒత్తుకున్నాడు, తడి తగిలింది, ఈసారి ఎవరూ చూడటం లేదు గనక అది నిజమే అయుంటుంది.

ఒక్కడు. ముందున్న ముసలాడు. నారగుడ్డతో రుద్దారు, గుడ్డ గుడ్డలాగే ఉంది, పొమ్మన్నారు. వితాలె రెండు చేతులూ చాపాడు, అడగకముందే.

బియాజొ కుడి అరచేయి పట్టుకుని రుద్దాడు. గుడ్డ వైపు చూశాడు. ఇంకోసారి రుద్దాడు, మెల్లగా.

"ఏ బాన నీది?"

గొంతు మార్చి బొంగురుగా చెప్పాడు. "మాసొ బాన." సాంతూచ్చ బాన అనాల్సింది, నోటికి పాతపేరే వచ్చింది. బియాజొ తల ఊపాడు, ఆ బానని వీధంతా ఇంకా అలాగే అంటుంది కాబోలు.

"బాగా పడింది నీలం. ఎప్పుడు ముంచావు?"

పనివాడు పనివాణ్ణి మెచ్చుకున్న మాట. ఎన్నేళ్లయింది అలాంటి మాట విని. "ఇవాళే" అన్నాడు వితాలె, దాచుకోలేని గర్వంతో. "పొద్దునే ముంచా."

"పొద్దున" అన్నాడు బియాజొ.

అప్పుడు మొదటిసారి వాడు తల ఎత్తి మొహం చూశాడు. వాడి చేతిలో గుడ్డ నీలంగా ఉంది. వెనక మాటలు ఆగిపోయాయి, ఒకరి తరవాత ఒకరివి, బారు చివరి దాకా. బియాజొ భుజం మీదుగా చిన్న తలుపు తెరిచి ఉంది, తలుపులోంచి వాగు, వాగులో ఎండ, ఎండలో నీళ్లు తేటగా, అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఎంత బాగుంది అనుకున్నాడు ముందు. ఆ తరవాత, నీలం గాలికి పాకినట్టు నెమ్మదిగా, వేళ్ల చివర్ల నుంచి, తెలిసింది. పన్నెండు చోట్ల మేకుల చప్పుడు. మూతలు. వాళ్లు కోట పట్టుకోగానే చేసిన మొదటి పని అది. సుద్ద సిలువ. వెలిసిన చేతులు, నిన్నటివీ మొన్నటివీ, కడుక్కున్నవి, గుడ్డకి అంటనివి, ఈ బారులో ఒక్క చేతికీ ఇవాళ్టి నీలం లేదు. ఇవాళ ఏ వారమో గుర్తుందా అన్నా. నాలుగో మేకు దగ్గర ఆగింది. చెప్పి ఉంటే. ఆదివారం అని ఒక్క మాట తను అని ఉంటే ఆ మేకు లాగేది కాదు, తెలుసు ఇప్పుడు, వేరే దారేదో చూపించేది, చూపించేదే, అందుకే ఆగింది.

తిరిగి చూశాడు. సాంతూచ్చ ఉన్నచోటే ఉంది.

"సాంతూచ్చా" అన్నాడు బియాజొ, ఆమె వైపు చూసి, గొంతు పెంచకుండానే. "మీ బాన మూత ఎవరన్నా తీశారా ఇవాళ?"

"మూత తియ్యనన్నందుకే కదా నా మొగుణ్ణి వేలాడదీసింది" అంది ఆమె. "ఆదివారం నాడు నేనెందుకు తీస్తా బియాజన్నా."

అబద్ధం. అబద్ధమని అరుద్దామని నోరు తెరిచాడు. మొంతాల్వోలో ఆదివారం మూత గురించి మాసొ పెళ్లాం మాటని కాదనే మనిషి పుట్టలేదు, పుట్టి ఉంటే వాడు తనే. నోరు మూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, తొడుగులు మరచిపోయి సభకి వచ్చిన రోజుల్లో పెట్టుకున్నట్టు, ఎవరో వాటిని ముందుకి లాగారు, ఎవరో ఆ చేతులని పైకెత్తి అందరికీ చూపించారు. "వితాలె" అంది ఒక గొంతు, కేక కాదు, చాలాకాలానికి దారిలో ఎదురైనవాణ్ణి పోల్చుకున్నట్టు. మొదటి దెబ్బ చెవి మీద తగిలింది. చిన్న తలుపులోంచే ఈడ్చారు, గడప మోకాలికి తగిలింది, దాటాను అనుకున్నాడు, తలుపైతే దాటాను, మొహం నీళ్లల్లో పడింది, చల్లగా ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి, ఎదురుగా తన రెండు చేతులు గులకరాళ్ల మీద, వాటి నుంచి సన్నగా నీలం తీగలా సాగిపోతోంది, కిందికి, ఆ తేటనీళ్లల్లోకి. ఎవరో ముసలామె విసుక్కుంది గట్టు మీద నుంచి, పిల్లల్ని కసురుకున్నట్టు.

"నీళ్లల్లో వద్దురా. ఆదివారం."

జుట్టు పట్టుకుని పైకి లేపుదామంటే జుట్టు లేదు, చొక్కా పట్టుకున్నారు, మాసొ చొక్కా, పట్టుకుని అతన్ని నీళ్లల్లోంచి గట్టు మీదికి లాగారు.